మెత్తని ముద్ద

"అమ్మా... ఒక్క చెంచా... నా మీద ఒట్టు, ఒక్క చెంచా తిను!"

మంచం పక్కన కూర్చుని పెద్ద కూతురు బతిమాలుతూనే ఉంది. ముసలావిడ పెదవులు బిగబట్టి గోడవైపు తల తిప్పేసుకుంది. చెంచాలో ముద్ద చల్లారిపోయి పైన అట్ట కట్టింది. ఆవిడ గడ్డం మీద కారిన తడిని తుడిచి ఆ కూతురు వెనక్కి తిరిగి చూసింది. వంటింటి గడప అవతల, గోడకు అతుక్కుపోయినట్టు నిలబడి ఉంది కోడలు.

"నువ్వు అక్కడెందుకు నిలబడ్డావ్? ఆ గుడ్లప్పగించి చూడ్డం ఆపి అవతలికి పో! నిన్ను ఎదురుగా పెట్టుకుని అమ్మకు తిండెలా దిగుతుంది? కన్నకొడుకు వేళ్లు తీసేసినదాన్ని చూస్తూ ఏ తల్లి ముద్ద మింగుతుంది చెప్పు!"

కోడలు లోపలికి వెళ్లి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడగడం మొదలుపెట్టింది. కుళాయి చప్పుడులో ఏడిస్తే ఎవరికీ వినపడదు... ఆడపడుచు వచ్చిన దగ్గర్నుంచి ఆమెకు అలవాటైన విద్య అదొక్కటే! పక్క గదిలో కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న భర్తకు మాత్రం అన్నీ వినపడుతూనే ఉన్నాయి. కట్టు విప్పిన కుడిచేతిని ఎడమచేత్తో కప్పుకుని, వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాట... ఒక్కటంటే ఒక్క మాట అతని నోట రాలేదు.

అతను గడియారాలు బాగుచేసేవాడు. వీధి మలుపులో, మేడమెట్ల కింద, ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి నిలబడాల్సిన దుకాణం. గోడనిండా గడియారాలు, బల్లమీద గాజు గిన్నెల కింద కంటికి ఆనని మరలు, చక్రాలు. కంటికి భూతద్దం తగిలించుకుని, పట్టకారుతో వెంట్రుకంత స్ప్రింగును ఎత్తి పెడుతుంటే వచ్చినవాళ్లు ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. 'గడియారం మాస్టారు' అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. "అందరి టైమూ సరిచేస్తాడు గానీ, అన్నానికి మాత్రం ఏనాడూ టైముకు రాడమ్మా నీ మొగుడు!" అని అత్తయ్య నవ్వేది, మాట ఉన్న రోజుల్లో. ఆ నవ్వులో ఎంత గర్వమో! "వాడి చేతులకు చేతకాని పని ఈ భూమ్మీద లేదు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకునేది.

ఆ అత్తయ్యే ఒక ఉదయం మొహం కడుక్కుంటూ కుప్పకూలిపోయింది. పక్షవాతం! కుడిపక్క పడిపోయింది, మాట పడిపోయింది, అన్నిటికన్నా ఘోరం... మింగడం కష్టమైపోయింది. ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు నర్సు కోడల్ని పక్కకు పిలిచి మరీ చెప్పింది. "పలుకన్నది తగలకూడదమ్మా. అలాగని నీళ్లలా ఉండకూడదు. చెంచా వంచితే మెల్లగా జారాలి. పొలమారి ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే మనిషి దక్కదు."

ఆ సాయంత్రమే అతను ఫుడ్ ప్రాసెసర్ కొనుక్కొచ్చాడు.

మొదట్లో కోడలికి దాన్ని చూస్తే భయం. మెల్లగా దాని పోకడ పట్టుబడింది. ముక్కలన్నీ ఒకే సైజులో తరగాలి. లేకపోతే చిన్నవి గంజి అయ్యేసరికి పెద్దవి పలుకులుగా మిగిలిపోతాయి. ఉడికినదాన్ని చల్లారనిచ్చి వెయ్యాలి. పొగలు కక్కేదాన్ని వేస్తే ఆవిరికి మూత తన్నుకొస్తుంది. గిన్నె సగం దాటకూడదు. ఒకేసారి గిర్రున తిప్పేయకుండా మీట నొక్కి వదులుతూ, నొక్కి వదులుతూ తిప్పి, మధ్యలో ఆపి, ప్లగ్ లాగి, అంచులకు అంటుకున్నదాన్ని రబ్బరు గరిటెతో కిందికి తోసి మళ్లీ తిప్పాలి. చివర్లో జల్లెడ. అప్పుడు వస్తుంది, మీగడలాంటి ముద్ద! క్యారెట్టైనా, గుమ్మడికాయైనా, పప్పైనా... అత్తయ్య నాలుక మీద పెట్టగానే కరిగిపోయేది. మధ్యగదిలో మంచానికి వంటిల్లు ఎదురుగానే కనిపిస్తుంది. కోడలు మీట నొక్కినప్పుడల్లా అత్తయ్య ఎడమచేత్తో మంచంపట్టె మీద టకటకా కొట్టేది, ఆకలేస్తోంది తొందరగా కానీ అన్నట్టు! ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. మాటలు లేని ఇంట్లో అదే కబుర్లు.

ఒకరోజు మూత చెయ్యిజారి నేలమీద పడి, అంచున ఉన్న గడి విరిగిపోయింది. మూత బిగిస్తే ఆ గడి వెళ్లి ఒక గాడిలో దిగాలి. అప్పుడే మోటారు కదులుతుంది. మూత లేకుండా బ్లేడు తిరగకూడదని చేసిన ఏర్పాటు అది. మోటారు మొరాయించేసరికి కోడలు భర్తను కేకేసింది. పొయ్యిమీద ముక్కలు ఉడికిపోయాయి, అత్తయ్య ఎదురుచూస్తోంది!

"ఈ మాత్రానికే అంత కంగారా? ఇలా ఇవ్వు" అన్నాడు భర్త. దుకాణం సంచిలోంచి చిన్న ఇత్తడి ముక్క తీసి, ఆకురాయితో రెండు రుద్దులు రుద్ది, ఆ గాడిలోకి బొటనవేలితో నొక్కేశాడు. మోటారు గుర్రుమంది.

"మూత లేకపోయినా తిరుగుతోందేంటండీ!"

"తిరగనీ. పని అవుతోందిగా."

"వద్దండీ... కొత్త మూత వచ్చేదాకా నేను చేత్తోనే ఎలాగో మెదుపుతాను. నాకెందుకో భయంగా ఉంది."

"నా చేతిపని మీద నీకు నమ్మకం లేదన్నమాట!" అని నవ్వి అతను దుకాణానికి వెళ్లిపోయాడు. మంచం మీంచి అత్తయ్య కొడుకు పనితనాన్ని మురిపెంగా చూస్తూనే ఉంది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే కోడలికి ఇప్పటికీ కళ్లు తిరుగుతాయి. మధ్యాహ్నం. చివరి విడతకు మీటను అలాగే వేసి వదిలింది, సగం తిరుగుతుండగా కరెంటు పోయింది. అదే సమయానికి అత్తయ్యకు దగ్గు తెర... ఊపిరాడనంత దగ్గు! మీట ఆపాలన్న ధ్యాసే లేకుండా ఆమె అటు పరుగెత్తింది. అత్తయ్యను పక్కకు తిప్పి వీపు నిమురుతుంటే భర్త భోజనానికి వచ్చాడు. "నువ్వు అమ్మను చూడు, ఇది నేను చూస్తా" అంటూ వంటింట్లోకి వెళ్లాడు. మూత తీశాడు. బ్లేడు కింద ఇరుక్కున్న క్యారెట్ ముక్కను వేళ్లతో గీకి తీయబోయాడు...

కరెంటు వచ్చింది.

ఆ కేక! ఆ ఎర్రని గిన్నె!... చూపుడువేలు, మధ్యవేలు. మళ్లీ అతికించడానికి వీల్లేనంతగా పోయాయన్నారు డాక్టర్లు. మిగిలిన వేళ్లు కూడా పూర్తిగా ముడుచుకోవన్నారు. పట్టకారు పట్టుకోవాల్సిన చెయ్యి అది! వెంట్రుకంత స్ప్రింగును ఎత్తి పెట్టాల్సిన చెయ్యి!

తమ్ముడి సంగతి తెలిసి అక్క పరుగున వచ్చింది. యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి, గాడిలో ఇరుక్కున్న ఇత్తడి ముక్కను కత్తిమొనతో పెరికి తీసి, అందరి ఎదుటా ఎత్తి పట్టుకుంది.

"ఎవరు పెట్టారిది? మూత లేకుండా తిరిగేలా ఎవరు చేశారు?"

కోడలు భర్తవైపు చూసింది. అతను తల వంచుకుని తెల్లని కట్టువైపు చూసుకుంటున్నాడు. ఆ మొహంలో రక్తపుచుక్క లేదు. 'వాడి చేతులకు చేతకాని పని లేదు' అన్న మాట తప్ప ఆ మనిషికింక మిగిలిందేముంది? తన చేతిపనే తన చేతిని తినేసిందని నలుగురూ అనుకుంటే... అతను బతుకుతాడా?

"నేనే పెట్టాను వదినా" అంది.

అతను కాదంటాడనుకుంది. ఈరోజు కాకపోతే రేపు, అందరి ముందు కాకపోతే చాటుగానైనా 'ఎందుకలా చెప్పావ్' అని అడుగుతాడనుకుంది. అడగలేదు! ఆ అబద్ధం చాటున అలాగే ఉండిపోయాడు. రోజులు గడిచేకొద్దీ అదే నిజమైపోయింది. వీధిలోవాళ్లు జాలిగా అతన్నీ, ఓరగా ఆమెనూ చూడసాగారు. వదిన ఆమెను పొయ్యి దగ్గరికి కూడా రానివ్వలేదు. "అమ్మ తిండి నువ్వు ముట్టుకోవద్దు. ఆ దిక్కుమాలిన మిషను తియ్యొద్దు" అని దాన్ని అటక మీద పడేయించింది. ఉడికించినవన్నీ తనే చెంచా వెనకభాగంతో మెదిపి పెట్టేది. అత్తయ్య మొదట్లో ఎలాగో మింగింది. తర్వాత పొలమారడం మొదలైంది. చివరికి నోరే మూసేసుకుంది. కోడలు దగ్గరికి వస్తే కళ్లనిండా నీళ్లు. 'నన్ను చూసే ఏడుస్తోంది... నా మొహం చూడలేకే తినడం మానేసింది' అనుకుని కోడలు కుమిలిపోయింది.

డాక్టరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. ఈవిడ దాన్ని తట్టుకుంటుందని నాకు నమ్మకం లేదు" అని వెళ్లిపోయాడు.

ఆ మాటతో వదిన వెర్రిదైపోయింది. ఎలాగైనా తినిపించాలన్న ఆత్రంలో తల్లి దవడలు నొక్కి, మెదిపిన బంగాళదుంప ఒక చెంచాడు లోపల పెట్టేసింది. అంతే! ముసలావిడ కళ్లు తేలేసింది. గొంతులోంచి గురగురమని చప్పుడు... పెదవులు నల్లబడుతున్నాయి!

"అమ్మో! అమ్మా!..." వదిన కేకకు కోడలు గడప దాటింది. ఎవరి అనుమతీ అడగలేదు. అత్తయ్యను ముందుకు వంచి, భుజాల మధ్య చరిచి, వేలితో నోట్లోంచి గడ్డకట్టిన ముద్దను లాగేసింది. ఒక యుగం గడిచినట్టు గడిచాక ఊపిరి లోపలికి వెళ్లింది. వదిన నేలమీద కూలబడింది.

"ఇక నేను చేస్తాను వదినా" అంది కోడలు. గొంతు ఆమెదే గానీ ఆ తీరు ఎప్పుడూ విననిది. "తర్వాత నన్ను తిట్టండి, కొట్టండి, ఇంట్లోంచి గెంటెయ్యండి. ముందు అత్తయ్యకు తిండి పెట్టనివ్వండి!"

స్టూలు వేసుకుని అటక మీది యంత్రాన్ని దింపింది. తను చెప్పి తెప్పించిన కొత్త మూత సంచిలోనే ఉంది, ఎవరూ తీయనివ్వలేదు. దాన్ని బిగించి చూసింది. గడి టక్కుమని గాడిలో కూర్చుంది. మూత తిప్పి తీస్తే గడి బయటికొచ్చింది. మరోసారి చూసింది. మళ్లీ సరిగ్గా కూర్చుంది. ఉడికిన గుమ్మడికాయ ముక్కలు చల్లారబెట్టి వేసింది. మీట మీద వేలు పెట్టింది... వేలు కదలదు! ఆ కేక చెవుల్లో మోగుతోంది, ఆ ఎరుపు కళ్లముందు కదులుతోంది. గుడ్ల నీరు గుడ్లలోనే కుక్కుకుని, కళ్లు తెరిచే ఉంచి, నొక్కింది.

ఆ చప్పుడుకు పక్క గదిలో కుర్చీ కిర్రుమంది. భర్త లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పాలిపోయిన మొహంతో, గోడ పట్టుకుని.

కోడలు చెంచా అందించింది. "అత్తయ్యా... నా మీద కోపమైతే తిన్నాక కోప్పడండి."

అత్తయ్య నోరు తెరిచింది!

ఒక చెంచా, ఇంకొకటి. మింగుతోంది, కళ్లు ధారలు కడుతున్నాయి. నాలుగో చెంచాకో ఐదో చెంచాకో ఎడమచెయ్యి చాపి కోడలి చెయ్యి పట్టుకుంది. తన చెంపకు ఆనించుకుంది. తర్వాత ఆ చెయ్యి వదలకుండానే తల తిప్పి గుమ్మంలోని కొడుకును చూసింది. చెయ్యి వదిలి, అతన్ని చూపించింది. వంటింట్లో బల్ల మీది యంత్రాన్ని చూపించింది. బొటనవేలితో గాల్లో ఏదో నొక్కినట్టు... నొక్కి చూపించింది. ఒకసారి కాదు. మళ్లీ మళ్లీ, గొంతులోంచి మాట కాని మాటేదో పెగల్చుకుంటూ!

"ఏంటమ్మా? ఏం చెప్తున్నావ్?" వదినకు అర్థం కాలేదు.

అతనికి అర్థమైంది. గుమ్మంలోనే జారి కూర్చున్నాడు.

"అక్కా... ఆ ఇత్తడి ముక్క పెట్టింది నేను." ఆ మాటకే అతని ఊపిరంతా అయిపోయినట్టుంది. "వద్దని చెప్పింది. భయమేస్తోందని చెప్పింది. నేనే వినలేదు. అమ్మ చూసింది... అంతా చూసింది!"

వదిన తమ్ముణ్నీ, మరదల్నీ మార్చి మార్చి చూసింది. "మరి నువ్వెందుకు... ఇన్నాళ్లూ నేనన్న మాటలన్నీ... ఎందుకు పడ్డావే?"

కోడలు భర్తవైపు తిరిగింది. "మీ వేళ్లు పోయినందుకు ఏడ్చానండీ. రోజూ ఏడ్చాను. మీట ఆపకుండా పరుగెత్తాను, అది నా తప్పు... చచ్చేదాకా మోస్తాను. కానీ మీరు నోరు విప్పనందుకు మాత్రం..." మంచం మీది అత్తయ్యను చూపించింది. "అత్తయ్యకు మాట లేదు. ఉన్న మీరు కూడా మాట్లాడలేదు."

అతను మిగిలిన వేళ్లతో మొహం కప్పుకున్నాడు. చిన్నపిల్లాడిలా, చప్పుడు చేసి ఏడ్చాడు. ఆ వేళ్ల సందుల్లోంచి కన్నీళ్లు కారుతుంటే చూడలేక ఆమె అతని పక్కన నేలమీద కూర్చుంది. దగ్గరికి తీసుకోలేదు. లేచి వెళ్లిపోనూ లేదు.

దుకాణం ఖాళీ చెయ్యక తప్పలేదు. విప్పి ఉన్న గడియారాలను విప్పినట్టే పొట్లాలు కట్టి, ఒక్కొక్కరికీ ఆమే తిరిగి ఇచ్చి వచ్చింది. దగ్గర్లోని బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి కుదిరింది. ఆమె పనిలో చేరే ముందు వదిన చీరకొంగు చేతుల్లో నలుపుకుంటూ వంటింట్లోకి వచ్చింది. "అమ్మాయ్... నువ్వు పనిలోకి వెళ్తే అమ్మకెవరు చేస్తారు? నాకు నేర్పు. నాకు దాన్ని ముట్టుకోవాలంటేనే చేతులు వణుకుతున్నాయి, అయినా నేర్పు."

"వణకాలి వదినా. వణికే చెయ్యే జాగ్రత్తగా ఉంటుంది" అంది కోడలు. ఆమె చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. "ముందు గిన్నె బిగించాలి, తర్వాతే బ్లేడు. దీని పిడి పట్టుకోండి, అంచు జోలికి పోకండి. పైనుంచి ముక్కలు వేసేటప్పుడు దీంతో పాటు వచ్చిన ఈ ప్లాస్టిక్ రోకలితోనే తొయ్యాలి, వేలు కాదు, చెంచా కూడా కాదు. ఆగిపోయినట్టు కనిపించినా పూర్తిగా ఆగేదాకా మూత తియ్యొద్దు. లోపల చెయ్యి పెట్టాలంటే మీట ఆపితే చాలదు వదినా... ప్లగ్ లాగెయ్యాలి. కరెంటు పోయినా సరే లాగెయ్యాలి." ఆమె ప్లగ్ లాగి చూపించింది. వదిన కళ్లు తుడుచుకుంది. "ఊఁ... తర్వాత?" "కడిగేటప్పుడు బ్లేడును సబ్బునీళ్లలో వదిలెయ్యకండి. నురగలో కనపడదు. విడిగా కడిగి, తుడిచి, పైన పెట్టెయ్యండి."

వదిన బాగానే నేర్చుకుంది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఆనాడు పొలమారిన ముద్దలోంచి కొంత ఎటు పోకూడదో అటు పోయింది. అత్తయ్యకు జ్వరం పట్టుకుంది. ఊపిరి తీస్తుంటే గుండెల్లో గరగరమనేది. ఊపిరితిత్తులు చెడిపోయాయన్నారు, వయసు తట్టుకోదన్నారు. మందులు వాడారు. కోడలు పని నుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా మంచం దగ్గర కూర్చునేది. చివరి రోజుల్లో కొడుకే తినిపించాడు, ఎడమచేత్తో. సగం దుప్పటి మీద ఒలికేది. అత్తయ్య మాత్రం ఓపిగ్గా నోరు తెరుచుకునే ఉండేది, ఆ చెంచా ఎప్పటికి అందితే అప్పటికి. వాన వెలిసిన ఒక పొద్దున నోరు తెరవలేదు. ఇక తెరవలేదు.

అందరూ వచ్చి వెళ్లిపోయాక వదిన వంటింట్లో ఒక మూల కూర్చుండిపోయింది. ఎంత పిలిచినా లేవలేదు. కోడలు వెళ్లి పక్కన కూర్చుంటే, పిచ్చిదానిలా ఆమె మొహంలోకి చూసింది.

"నేను బలవంతంగా కుక్కిన ఆ ముద్దేనా? నిజం చెప్పు... నేనే కదా అమ్మను..."

ఒక్క మాట! ఒక్క 'అవును' చాలు... ఇన్నాళ్లు పడ్డ మాటలన్నిటికీ చెల్లు. కోడలికి ఆ సంగతి తెలుసు. లోపల ఎక్కడో అది కదిలింది కూడా. అబద్ధం చెప్పి ఓదార్చాలనీ ఆమెకు అనిపించలేదు. ఒక అబద్ధం ఈ ఇంటిని ఏం చేసిందో చూసింది.

"ఆకలితో పోకూడదని పెట్టారు వదినా. మీ అమ్మకు మీరు అన్నమే పెట్టారు." ఆమె భుజం మీద చెయ్యి వేసి అంది, "మనసులో అలా అనిపించినప్పుడల్లా నాకు చెప్పండి. ఒక్కరే కూర్చుని మొయ్యకండి. అదెలా ఉంటుందో నాకు తెలుసు."

వదిన ఆమె ఒళ్లో తల పెట్టుకుని బావురుమంది. "ఇన్నాళ్లూ అమ్మ కోసం వచ్చేదాన్నే ఈ ఇంటికి... ఇకమీద నీకోసం వస్తానే! రానిస్తావా?"

ఆమె ఊరెళ్లిపోయిన రోజున ఇల్లు బోసిపోయింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చి కోడలు పొయ్యి వెలిగించింది. క్యారెట్లు తరిగి ఉడకబెట్టింది. చల్లారబెట్టడానికి గిన్నె పక్కకు దించింది... అప్పుడు గుర్తొచ్చింది. ఎవరి కోసం? రెండు వంటలు చేసే ఓపిక లేక, మిషను అటక మీదున్న రోజులు తప్ప, ఇంటిల్లిపాదీ ఆ మెత్తని ముద్దే తిన్నారు. ఇక ఈ ఇంట్లో నమలలేనివాళ్లెవరూ లేరు! గిన్నె ముందు నిలబడి ఎక్కెక్కి ఏడ్చింది.

తర్వాత ఆ ముక్కల్ని అలాగే కంచాల్లో వడ్డించింది. భర్త ఎడమచేత్తో ఒక ముక్క తీసుకుని మెల్లగా నమిలాడు. అతనూ ఏడుస్తున్నాడని ఆమెకు తెలుసు, తలెత్తి చూడలేదు.

"ముక్కలు పెద్దవయ్యాయా?" అని అడిగింది.

"ఉండనీ" అన్నాడు. ఇంకో ముక్క తీసుకుంటూ మళ్లీ అన్నాడు, "నువ్వు కూడా కూర్చో. కలిసి తిందాం."

ఆమె కంచం తెచ్చుకుని, అతనికి ఎదురుగా కాకుండా పక్కన కూర్చుంది.